నెల అద్దె ఆటలు, ఏడాది తాళాలు: సీసీపీఏకి భీమవరం నుంచి ఒక బహిరంగ లేఖ

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) చీఫ్ కమిషనర్ గారికి,

అయ్యా, నమస్కారం.

నేను భీమవరంలో కంప్యూటర్ల షాపు నడుపుతాను. అమ్మడం, బాగుచేయడం, దాంతోపాటు ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు ఇప్పించడం నా పని. 2023 నవంబరు 30న మీరు తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలను ఆసాంతం చదివాను. వినియోగదారుణ్ని బోల్తా కొట్టించే 13 ఎత్తులను పేరుపెట్టి మరీ రాశారు. అందులో 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' ఉంది: చేరడం సులువు చేసి, బయటపడే దారి దాచేయడం. 'సాస్ బిల్లింగ్' కూడా ఉంది: సాఫ్ట్‌వేరు అద్దె పేరిట చడీచప్పుడు లేకుండా నెలనెలా డబ్బు లాగడం. నా కౌంటరు దగ్గరికొచ్చే తగాదాల్లో చాలావాటికి మీరు ముందే పేరు పెట్టి ఉంచారని చూసి సంతోషించాను.

కానీ ఆ 13 ఎత్తులూ ముఖ్యంగా పట్టుకునేది మూడు సంగతుల్నే: మనిషిని ఎలా చేర్చుకున్నారు, డబ్బు ఎలా గుంజారు, పోతానంటే ఎలా అడ్డుపడ్డారు. ఇంకో రకం ఉంది. చేరినవాడు తెలిసే చేరాడు. డబ్బు సక్రమంగా కడుతున్నాడు. కంపెనీ అబద్ధమూ చెప్పలేదు. అయినా ఒకరోజు ఆట మాయమవుతుంది, అద్దె ఒకటిన్నర రెట్లు దాటుతుంది, దాచుకున్న ఫైళ్లు తెరుచుకోవు. దీనికి మీ జాబితాలో పేరు లేదు. నేను రాస్తున్నది దాని గురించే.

ముందే చెప్పేస్తాను, అద్దె వద్దని నేననను. కొత్తగా వచ్చిన పెద్ద ఆట ఒకటి కొనాలంటే నాలుగైదు వేలు అవుతుంది. సెమిస్టర్ పరీక్షలయ్యాక నెల రోజుల సెలవుల్లో ఆడుకునే ఇంజనీరింగ్ కుర్రాడు అంత పెట్టి ఎందుకు కొంటాడు? నెలకింత అని కట్టి పది ఆటలు తిరగేసి వదిలేస్తాడు. ఫొటో స్టూడియో పెట్టుకున్న కొత్త కుర్రాళ్లకు ఒకేసారి పెద్ద సొమ్ము పోసి సాఫ్ట్‌వేరు కొనే తాహతు ఉండదు. లెక్కలు రాసుకునే టాలీ కూడా పూర్తిగా కొనుక్కునే పద్ధతిలోనూ దొరుకుతుంది, అద్దెకూ దొరుకుతుంది. చిన్న వ్యాపారికి ఏది వీలైతే అది. దొంగ సీడీలతో నడిచిన మా ఊళ్లో జనం ఇప్పుడు డబ్బు కట్టి అసలు సరుకు వాడుతున్నారంటే దానికి ఈ అద్దె పద్ధతే కారణం. ఆ మేలు నేను కళ్లారా చూస్తున్నాను.

చిక్కల్లా ఎక్కడుందంటే, అద్దెకిచ్చేవాడి హక్కు చట్టంలో ఉంది, అద్దెకు తీసుకునేవాడి హక్కు లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ చూడండి. కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను అద్దెకిచ్చే హక్కు దాని యజమానిదేనని 1994 సవరణలో రాశారు, 1999లో ఆ మాటను 'కమర్షియల్ రెంటల్' అని సరిచేశారు. రోజుకు పది, పదిహేను రూపాయలకు గేమ్ సీడీలు అద్దెకిచ్చిన వీధి షాపులకు చట్టంలో చోటు లేదు. సరే, అవి పోయాయి. ఇప్పుడు యజమానే బ్రాడ్‌బ్యాండ్ తీగ మీద నేరుగా మన గదిలోకి వచ్చి అద్దెకిస్తున్నాడు. ఇళ్ల విషయంలో ఇలా వదిలేయలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960లోనే బిల్డింగ్స్ లీజ్, రెంట్ అండ్ ఎవిక్షన్ కంట్రోల్ యాక్టు వచ్చింది. ఓనరు ఇష్టమొచ్చినట్టు అద్దె పెంచకూడదు, కారణం లేకుండా సామాను బయట పడేయకూడదు అని రాసిపెట్టారు. ఆటకీ సాఫ్ట్‌వేరుకీ అలాంటి నాలుగు వాక్యాలు ఎవరూ రాయలేదు.

మన దేశంలో ఇది నిన్నా మొన్నా పుట్టిన వ్యాపారం కాదు. బీఎస్‌ఎన్‌ఎల్ 2005లో డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ తెచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకే ఇండియాగేమ్స్ అనే ముంబయి కంపెనీ బ్రాడ్‌బ్యాండ్ సంస్థలతో కలిసి 'గేమ్స్ ఆన్ డిమాండ్' అని నెల చందా మీద కంప్యూటర్ ఆటలు ఇచ్చింది. అప్పటి ప్రభుత్వ లెక్కలో 256 కేబీపీఎస్ ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. ఆ వేగంతో ఒక జీబీ ఆట దిగాలంటే ఎనిమిదిన్నర గంటల పైమాటే. పగలు దింపితే డేటా పరిమితి దాటి బిల్లు పేలుతుంది. అందుకని రాత్రి 2 నుంచి ఉదయం 8 వరకు లెక్కలోకి రాని ప్లాన్ తీసుకుని, అలారం పెట్టుకుని లేచి, డౌన్‌లోడ్ నొక్కి పడుకునేవారు. ఒక ఆటకు రెండు రాత్రుళ్లు. పొద్దున్నే ఎనిమిది కొట్టేసరికి మోడెమ్ ఆపేయకపోతే ఇంట్లో తిట్లు.

అప్పటి కష్టం వేగంతో. ఇప్పుడు మా వీధిలోనే వంద ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది, ఆ ఒక జీబీ నిమిషంన్నరలోపే దిగుతుంది. దిగనక్కర్లేకుండా కూడా ఆడొచ్చు. ఎక్కడో డేటా సెంటర్‌లో ఆట నడుస్తుంది, బొమ్మ మాత్రం మన తెర మీదికి వస్తుంది. వేగం సంగతి తీరిపోయింది గనుక ఇప్పుడు బిల్లు సంగతి చూడాల్సి వస్తోంది.

ఒక బిల్లు చూపిస్తాను. మా దగ్గర కనెక్షన్ తీసుకున్న రొయ్యల చెరువుల రైతు ఒకాయన తెచ్చారు. చెరువు గట్టు మీద కెమెరాలు ఇంట్లోంచి చూసుకోవడానికి ఆయన నెట్టు పెట్టించుకున్నారు. బిల్లులో నెలవారీ అద్దె కింద ఇంకో వరుస: 'వీఏఎస్ 99.00'. దాని మీద 18 శాతం జీఎస్టీ 17.82. "ఏమయ్యా, ఇదేంటి?" అన్నారు. ఫోన్ చేసి కనుక్కుంటే గేమింగ్ ప్యాక్ అని తేలింది. వాళ్ల మనవడు కంపెనీ యాప్‌లో 'మూడు నెలలు ఉచితం' అన్నదాని మీద నొక్కాడు. ఓటీపీ లేదు, ఏమీ లేదు. మూడు నెలలయ్యాక అది బిల్లులోకి ఎక్కింది. తీసేయండి అంటే బ్రాడ్‌బ్యాండ్ కాల్ సెంటర్ వాళ్లు ఆటల కంపెనీని అడగమన్నారు. ఆటల కంపెనీ వాళ్లు, మీ బిల్లు మేము వేయలేదు, మీ నెట్ కంపెనీని అడగండి అన్నారు. ఆ 117 రూపాయలు మినహాయించి కడితే బిల్లు బకాయి చూపించి నెట్టు ఆపేస్తారు. నెట్టు ఆగితే చెరువు మీద కెమెరాలు ఆగుతాయి. ఆయన నోరుమూసుకుని కట్టేశారు.

ఇందులో మొదటి సగం, అంటే ఉచితమని చేర్చుకుని చెప్పకుండా బిల్లు వేయడం, మీ సాస్ బిల్లింగ్ కిందికి వస్తుంది. రెండో సగానికి దిక్కెవరు? ఒకరి సరుకు డబ్బు ఇంకొకరి బిల్లులో కలిపి, సరుకు వద్దంటే తీగ కోస్తామనడం?

ఇదే రోగం మొబైల్‌లో వచ్చినప్పుడు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మందు వేసింది. గుర్తుండే ఉంటుంది, ఏదో బటన్ నొక్కితే కాలర్ ట్యూన్ పడేది, నెలకు ముప్పై రూపాయలు పోయేవి. 2013లో ట్రాయ్ మొబైల్ కంపెనీలకు ఆదేశం ఇచ్చింది: వ్యాల్యూ యాడెడ్ సర్వీసు (బిల్లులో వీఏఎస్ అంటే ఇదే) ఏదైనా వేయాలంటే వినియోగదారు రెండుసార్లు ఒప్పుకోవాలి. తీసేయించుకోవడానికి 155223 అని ఒకే నంబరు అన్ని కంపెనీలకూ పెట్టింది. ఆ నంబరు పుణ్యమాని మా ఊళ్లో ఎంతమంది ముసలాళ్ల బ్యాలెన్స్ మిగిలిందో! అలాంటి రెండు ఒప్పుకోళ్ల పద్ధతి, అలాంటి ఒక్క నంబరు ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కూ కావాలి.

టెలికాం మా పరిధి కాదు, ట్రాయ్‌ని అడగండి అని మీ ఆఫీసు నుంచి జవాబు వస్తుందేమోనని ఒక మాట. 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: టెలికాం సేవల మీద ఫిర్యాదు కూడా వినియోగదారుల కమిషన్లు వినొచ్చు. గేమింగ్ ప్యాక్ అయితే అసలు టెలికాం సేవే కాదు, టెలికాం బిల్లులో కూర్చున్న వేరే సరుకు. ఇది మీ పనే.

ఇక అద్దె పెంచడం. 2025 అక్టోబరు 1న మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆటల అద్దె ప్యాక్ ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ అల్టిమేట్ మన దేశంలో కొత్తగా చేరేవాళ్లకు నెలకు 829 నుంచి 1,389 అయింది. అంటే 67 శాతానికి పైగా పెంపు. వాళ్ల సరుకు, వాళ్ల ధర, కాదనడానికి మనమెవరం? కానీ మా కుర్రాళ్లు ఈ అద్దెను వాడే తీరు చూడండి. పరీక్షలకు రెండు నెలలు ఆపుతారు, సెలవుల్లో మళ్లీ చేరతారు. బాధ్యతగా ఆపినవాడికే కొత్త ధర, ఆపకుండా కట్టినవాడికి వేరే లెక్క అయితే, అనవసరమైనప్పుడు ఆపుకోవడమే నష్టం. వాడిన నెలకు కడితే చాలన్నదే కదా ఈ అద్దెలో ఆకర్షణ.

ఆటోపే, అంటే నెలనెలా డబ్బు దానంతటదే కోసుకునే ఏర్పాటు, దాని సంగతి ఇంతకన్నా మెత్తగా ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు 1 నుంచి నియమం పెట్టింది, డబ్బు కోసే 24 గంటల ముందు సందేశం రావాలని. మంచి నియమం. కానీ 2022 జూన్ నుంచి 15,000 రూపాయల దాకా మళ్లీ ఓటీపీ అక్కర్లేదు. మీ ఫోన్‌లో యూపీఐ యాప్ తెరిచి, ఆటోపే విభాగంలోకి వెళ్లి, ఒక్కో మాండేట్ (డబ్బు కోసుకోవడానికి మనమిచ్చిన అనుమతి) మీద నొక్కి చూడండి. అద్దె నాలుగైదు వందలే అయినా కొన్నిచోట్ల '15,000 వరకు' అని ఉంటుంది. చేరేటప్పుడు పిన్ కొట్టిన తొందరలో ఆ అంకె ఎవరూ చూడరు. ఆ హద్దులో ఎంత పెంచినా కొత్తగా అడగాల్సిన పని బ్యాంకుకు లేదు. రోజుకు యాభై సందేశాలు వచ్చే ఫోన్‌లో ఆ 24 గంటల ముందు సందేశం ఏ లోన్ ప్రకటన కిందో నలిగిపోతుంది. అద్దె పెంచితే పాత ఒప్పుకోలు చెల్లదు, కొత్తగా పిన్ కొట్టించుకోవాలి అని మీరు రాయండి. కొట్టకపోతే పాత నెల ముగిసే రోజుతో అద్దె ఆగిపోవాలి. ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

ఏడాది తాళం, అంటే ఏడాది దాకా వదలనివ్వని ఒప్పందం, దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు ఇది మా కళ్లతో కనిపించకపోవచ్చు.

మా జిల్లాలో ఫొటో స్టూడియోల బతుకంతా ముహూర్తాల మీద. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వస్తే నిద్ర ఉండదు. రాత్రంతా కూర్చుని ఆల్బం షీట్లు డిజైన్ చేసి తెల్లారేసరికి ల్యాబ్‌కు పంపుతారు. ఆషాఢం, పుష్యం వస్తే షట్టరు సగం దించి కూర్చుంటారు. మధ్యలో మూఢం పడితే ఇంకా అన్యాయం, రెండు మూడు నెలలు ఒక్క పెళ్లి ఉండదు. (పుట్టినరోజుల ఫ్లెక్సీలు లేకపోతే భీమవరంలో ఫొటోషాప్ తెలిసినవాళ్లు సగంమంది ఆక్వాలోకి పోయేవారు. మా ఊరి ఫ్లెక్సీల మీద మీకు జోకులు వచ్చే ఉంటాయి, అది వేరే సంగతి.) ఇలాంటి పనికి నెల అద్దె సాఫ్ట్‌వేరు అచ్చంగా సరిపోవాలి: పని ఉన్న నెల తీసుకో, లేని నెల ఆపు.

కానీ తెర మీద పెద్ద అక్షరాల్లో కనిపించే నెల ధర చాలాసార్లు నెల ప్లానుది కాదు. అది ఏడాది ఒప్పందం, వాయిదాలు మాత్రం నెలనెలా. నిజంగా ఏ నెలకానెల ఆపుకోగల ప్లాన్ పక్కనే ఉంటుంది, ధర బాగా ఎక్కువ. మూఢంలో ఆపుతానంటే అప్పుడు బయటపడుతుంది, మధ్యలో వదిలేస్తే ఇంత కట్టాలని. మన పంచాంగం ఆ కంపెనీలకు తెలియాలని నేననను. ఏడాది ఒప్పందానికి ధర తగ్గించడమూ తప్పు కాదు. ఆ 'ఇంత' ఎంతో, చేరే రోజునే, నెల ధర పక్కనే, అదే సైజు అంకెల్లో, రూపాయల్లో చూపించమంటున్నాను. అమెరికాలో ఇదే గొడవ మీద 2024 జూన్‌లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిఫారసుతో ప్రభుత్వం ఫొటోషాప్ తయారుచేసే అడోబీ మీద దావా వేసింది. ఏడాది ప్లానును నెలవారీగా కట్టేవాళ్లకు మధ్యలో వదిలితే పడే రుసుమును చిన్న అక్షరాల్లో, నొక్కితేగానీ కనిపించని చోట పెట్టారన్నది ఆరోపణ. మొదటి ఏడాదిలో అయితే మిగిలిన వాయిదాల్లో సగం. కంపెనీ కాదంది. అక్కడ ప్రభుత్వం ఆ తెరను పట్టుకుని కోర్టుకు తీసుకెళ్లింది, అంతవరకు మనకు పనికొస్తుంది.

ఇప్పుడు ఒక పాత కేసు. సాఫ్ట్‌వేరు సరుకా కాదా అని గట్టిగా తగవు పడింది మా రాష్ట్రం. డబ్బాలో పెట్టి అమ్మే సాఫ్ట్‌వేరు మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అమ్మకపు పన్ను వేసింది. అది చేత్తో పట్టుకునే వస్తువు కాదు, పన్ను పడదు అని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వాదించింది. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు రాష్ట్రం పక్షాన తీర్పు చెప్పింది: డిస్కులో అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేరు సరుకే. పన్ను కోసం వచ్చిన తీర్పే అయినా దానివల్ల వాడేవాడికి ఒక ధైర్యం ఉంది. సరుకు కొన్నాక అది నీది, అమ్మినవాడు ఇంటికొచ్చి తీసుకుపోలేడు.

ఆ ధైర్యం ఎలా ఉంటుందో చూడాలంటే మా ప్రింటింగ్ ప్రెస్సులకు రండి. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేరు, దాని మీద అను తెలుగు ఫాంట్లు. తెలుగు డీటీపీ అంతా ఏళ్ల తరబడి దాని మీదే నడిచింది, ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. పేజ్‌మేకర్‌ను కంపెనీ ఎప్పుడో వదిలేసింది. మా పక్క వీధి ప్రెస్సులో అయితే విండోస్ ఎక్స్‌పీ ఉన్న ఒక పాత మిషన్ మూల బల్ల మీద ఉంటుంది. నెట్టు తీగ పెట్టరు. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయాయి, ఆపరేటర్ చూడకుండానే కొడతాడు. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు అన్నీ దాంట్లోంచే. పదిహేనేళ్ల కిందటి శుభలేఖ ఫైలు తీసి, పేర్లు మార్చి, పది నిమిషాల్లో ప్రింటిస్తాడు. ఆ మిషన్‌కు పవర్ సప్లై మార్చడం, ఎక్కడో వెతికి పాత ర్యామ్ తెచ్చి వేయడం నా పని. అదే అద్దె సాఫ్ట్‌వేరులో ఇవాళ చేసిన ఫైలు పదిహేనేళ్ల తర్వాత, అద్దె మానేశాక, తెరుచుకుంటుందా? ఎవరూ రాసివ్వరు.

ఇక్కడ కొంతమంది మర్యాద పాటిస్తారు, అదీ చెప్పాలి. వర్డ్, ఎక్సెల్ ఉండే మైక్రోసాఫ్ట్ 365 గడువు తీరితే ఫైలు తెరిచి చూడొచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, దిద్దడానికి మాత్రం ఉండదు. టాలీ లెక్కలు సాధారణంగా మన హార్డ్‌డిస్క్‌లోనే ఉంటాయి. కనీసం ఇంత మర్యాదను అందరికీ నియమం చేయండి. అద్దె మానినవాడి సొంత పని, సొంత లెక్కలు, తెరిచి చూసుకుని ఇంకో చోటికి తీసుకుపోయే రూపంలో ఇవ్వాలి. ఇంటి ఓనరు అద్దె బకాయి ఉంటే ఖాళీ చేయిస్తాడు, మన పిల్లల ఫొటో ఆల్బం మాత్రం దాచుకోడు.

ఆటల్లో ఇది ఎంతదాకా పోయిందో రెండు ఉదాహరణలు చాలు. 2014లో వచ్చిన 'ది క్రూ' అనే కార్ల పందెం ఆటను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. అది అద్దెకు తీసుకున్నది కూడా కాదు, జనం పూర్తి డబ్బు పోసి కొన్నది. ఒంటరిగా ఆడేవాడికి కూడా సర్వరు కావాలి గనుక, సర్వరు ఆగితే ఆటే లేదు. దాని మీద మండిపడి మొదలైన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు పెట్టించి యూరోపియన్ కమిషన్ ముందుకు వెళ్లింది. కాలిఫోర్నియా 2024లో చట్టం చేసి, 2025 జనవరి నుంచి డిజిటల్ సరుకు అమ్మేవాడు అది లైసెన్సు మాత్రమేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పి తీరాలంది.

రెండోది గూగుల్ స్టేడియా. బ్రాడ్‌బ్యాండ్ మీద ఆటలు నడిపే ఈ సేవ 2019 నవంబరులో మొదలైంది, మన దేశానికి రాలేదు. నడవలేదు. 2022 సెప్టెంబరు 29న మూసేస్తున్నామని చెప్పి, 2023 జనవరి 18న మూశారు. మూడున్నర నెలల గడువు. స్టోరులో కొన్న ఆటల డబ్బు వెనక్కిచ్చారు, తమ స్టోరులో కొన్న కంట్రోలర్ డబ్బూ ఇచ్చారు. పైగా ఆ కంట్రోలర్ చెత్తబుట్టపాలు కాకుండా, మామూలు బ్లూటూత్‌తో వేరే కంప్యూటర్లకు పనిచేసేలా మార్చుకునే వీలు కల్పించారు. వ్యాపారం మునిగినా ఇలా తప్పుకోవచ్చు. ఒక కంపెనీ తన ఇష్టపూర్వకంగా చేసినదాన్ని మిగతావాళ్లకు కనీస ప్రమాణంగా పెట్టడానికి ఏ అడ్డూ ఉందనుకోను: మూసే ముందు 90 రోజుల నోటీసు, విడిగా డబ్బు పెట్టి కొన్నవాటికి వాపసు, సేవ్ చేసుకున్న ఆట దింపుకునే వీలు.

డేటా సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. క్లౌడ్‌లో ఆడే ఆటకు 1080పీ నాణ్యతలో సెకనుకు 25 మెగాబిట్లు కావాలంటే, గంటకు 11 జీబీ పైచిలుకు. పెద్ద కంపెనీల ఫైబర్ ప్లాన్లలో 'అన్‌లిమిటెడ్' అంటే నెలకు 3,300 జీబీ. రోజూ రెండు గంటలు ఆడేవాడికి ఇబ్బంది లేదు. చిన్న కేబుల్ ఆపరేటర్ల చౌక ప్లాన్లలో, వంద రెండు వందల జీబీ దాటితే వేగం పడిపోయే చోట, వారం పది రోజుల్లోపే ఇంటిల్లిపాదీ నెట్టు నత్తనడక నడుస్తుంది. ఫోన్ చేసి తిట్లు తినేది నేను. ఆట అద్దె ప్రకటనలో గంటకు ఎన్ని జీబీ అవుతుందో రాయిస్తే చాలు, సిగరెట్ పెట్టె మీద బొమ్మంత పెద్దది అక్కర్లేదు.

గేమ్ అనగానే మా దగ్గర తల్లిదండ్రులు ఉలిక్కిపడతారు. కారణం ఉంది. రమ్మీ యాపుల్లో ఇళ్లు గుల్లయిన సంగతులు ఇక్కడ వాడవాడలా ఉన్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో పందెం ఆటలను ఆన్‌లైన్‌లో కూడా నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం దేశమంతా ఆ పని చేసింది. ఆ చట్టమే, పందెం లేకుండా చందా కట్టి ఆడే ఆటలను వేరుగా చూసింది, వాటికి దారి తెరిచి ఉంచింది. సంతోషం. కానీ దారి తెరిచాక, ఆ దారిలో నడిచేవాడికి రక్షణ ఏదీ? పందెం ఆటను ఆపడానికి పార్లమెంటు కదిలింది. చందా ఆటలో ఏడాది తాళం పడినవాడి కోసం మీరొక్కరు కదిలితే సరిపోతుంది.

కోర్టుకు వెళ్లొచ్చు కదా అంటారేమో. వెళ్లి చూడండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 'అన్యాయమైన ఒప్పందం' అని చక్కటి నిర్వచనం ఉంది. నష్టానికి మించిన జరిమానా వేయడం, కారణం లేకుండా ఒకవైపు నుంచి ఒప్పందం తెంపేయడం, అన్నీ అందులో ఉన్నాయి. మేం పడే బాధలన్నీ సరిగ్గా అవే. కానీ ఆ ఫిర్యాదు జిల్లా కమిషన్ వినదు. రాష్ట్ర కమిషన్‌కే వెళ్లాలి. జిల్లా కమిషన్‌లో ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు, ఊళ్లోనే తేలిపోతుంది. నెలకు ఎనిమిది వందల అద్దె తగాదా కోసం ఇచ్ఛాపురం కుర్రాడు రాష్ట్ర కమిషన్ మెట్లెక్కాలా? ఏ కుర్రాడూ ఎక్కడు. అది తెలిసే ఆ ఒప్పందాలు అలా రాస్తారు. చట్టం మార్చడం మీ చేతిలో లేదని తెలుసు. మార్గదర్శకాలు మీ చేతిలోవి. ఒక్కొక్కడు వచ్చి ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా, అందరి తరఫునా మీరే కేసు తీసుకునే అధికారం ఆ చట్టమే మీకిచ్చింది. మా బోటివాళ్లు ఇంత పొడుగు ఉత్తరం మీకు రాయడానికి కారణం అదే.

ఇంతకీ కావాల్సినవి కొన్ని పైన చెప్పుకుంటూ వచ్చాను, మళ్లీ ఏకరువు పెట్టను. వాటన్నిటిలో ముందు ఒక్కటి చేయగలిగితే బ్రాడ్‌బ్యాండ్ బిల్లు విడదీయించండి. నెట్టు అద్దె వేరు, ఆటల అద్దె వేరు. ఆటలది కట్టకపోతే ఆటలే ఆగాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కంపెనీల కంప్యూటర్లలో రెండు గళ్లు మారితే చాలు. రెండో నెల నుంచే ఆ చెరువు రైతు లాంటివాళ్లకు తేడా తెలుస్తుంది.

ఇంకో విన్నపం. మార్గదర్శకాల ముసాయిదా పెట్టి జనం అభిప్రాయాలు అడిగేటప్పుడు తెలుగులో కూడా పెట్టించండి. ఇంగ్లిషు, హిందీల్లో మాత్రమే పెడితే మా స్టూడియోల వాళ్లు, ప్రెస్సుల వాళ్లు, కేబుల్ ఆపరేటర్లు చదవరు. చదవగలిగిన కంపెనీల లాయర్లు మాత్రం పేజీలకు పేజీలు రాసి పంపుతారు. అభిప్రాయాలకు నెల గడువు ఇస్తారు కదా, ఆ నెల ఆషాఢంలో పడేలా చూస్తే మరీ మంచిది. మా ఫొటోగ్రాఫర్లకు అప్పుడైతేనే తీరిక.

ఇట్లు,
కంప్యూటర్ షాపు నడిపే ఒక వ్యాపారి,
భీమవరం, పశ్చిమ గోదావరి జిల్లా